కాలేజీ పెట్టిన లాయర్‌కు కాలేజీ మీది ఫిర్యాదు చెప్పుకోవచ్చా?

పాలమూరు అన్న:
మా చెల్లె మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పూర్తి చేసింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు ఇంకా రాలేదు, నువ్వే కట్టు అంటూ కాలేజీవాళ్లు ఇంటర్ మెమో, టీసీ ఇవ్వలేదు. కాలేజీలోనే ఉచిత న్యాయ సలహా కేంద్రం ఉందని తెలిసి, అక్కడి లాయర్ సార్‌కు ఉన్నదంతా చెప్పుకుంది. ఏ లెక్చరర్ ధైర్యం చెప్పాడో, ఎవరి మీద ఫిర్యాదు రాయాలనుకుందో కూడా చెప్పింది. మూడో రోజు ప్రిన్సిపాల్ పిలిచి ఆ మాటలే తిరిగి ఆమెకు అప్పజెప్పాడు. ఆ సారే కాలేజీ కేసులు కూడా చూస్తాడని తర్వాత తెలిసింది. ఇది తప్పు కాదా? ఇలాంటి కేంద్రాలు కాలేజీ మీది కేసులు అసలు తీసుకోవచ్చా?

మిర్యాలగూడ వాసి:
మాట బయటపెట్టడం తప్పే తమ్మీ, అందులో వాదన లేదు. కానీ ఆ కేంద్రమే వద్దంటే నేను ఒప్పుకోను. మా అక్క కొడుకు టీసీ అలాంటి లాయర్ ఒక్క ఫోన్ చేస్తే సాయంత్రానికి వచ్చింది. లోపలి మనిషి కాబట్టే ప్రిన్సిపాల్ మాట విన్నాడు. బయటి లాయర్ నోటీసు పంపితే కాలేజీ పంతానికి పోతుంది. ఆలోగా పీజీ కౌన్సెలింగ్ అయిపోతే పిల్లల సంవత్సరం ఎవరిస్తారు? కాలేజీలదీ కష్టమే, బకాయిల కోసం 2025 నవంబర్‌లో బంద్ కూడా చేశాయి.

నల్గొండ కోర్టు జూనియర్:
ఆ సాయంత్రం టీసీ వచ్చింది కాలేజీ ఇవ్వాలనుకుంది కాబట్టి. ఇవ్వొద్దనుకుంటే ఆ లాయర్ ఎవరి పక్కన నిలబడేవాడు? నాకు కోపం తెప్పించేది అక్కడే.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 14వది స్పష్టంగా ఉంది. కేసు ఒప్పుకునేటప్పుడే, అవతలి పక్షంతో తనకున్న సంబంధాన్ని లాయర్ దాచకుండా చెప్పాలి. 33వ నియమం ప్రకారం ఒక వ్యవహారంలో ఒకరికి సలహా ఇచ్చినవాడు అదే వ్యవహారంలో ఎదుటివారి తరఫున వాదించకూడదు. క్లయింటు చెప్పిన మాట అనుమతి లేకుండా బయటపెట్టకూడదని భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ చెబుతోంది. వకాల్తా మీద సంతకం చేయలేదు కదా, ఊరికే సలహా అడిగిందంతే అని తప్పించుకోవాలని చూస్తారు. లాయర్‌గా కూర్చోబెట్టిన మనిషిని లాయర్ అనుకునే ఆ అమ్మాయి నోరు విప్పింది.

చెల్లెమ్మకు వేరే దారి ఉంది. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్‌ను ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకూ అంతే. జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ కాగితం దరఖాస్తుకు జత చేయండి.

అచ్చంపేట హాస్టల్ పూర్వ విద్యార్థి:
కాలేజీ, విద్యార్థి గొడవే కాదు. మా హాస్టల్‌లో ర్యాగింగ్ జరిగినప్పుడు కొట్టినవాడూ, దెబ్బలు తిన్నవాడూ ఒకే లాయర్ దగ్గర కూర్చున్నారు. ఆయన ఇద్దరికీ కలిపి రాజీ కాగితం రాశాడు. దెబ్బలు తిన్నది నేను. సంతకం పెట్టేటప్పుడు నా తరఫున మాట్లాడే మనిషి ఆ గదిలో లేడు. అమెరికాలో చాలా యూనివర్సిటీల విద్యార్థి న్యాయ కేంద్రాలు యూనివర్సిటీ మీది కేసులు, ఇద్దరు విద్యార్థుల మధ్య కేసులు తీసుకోవు. ఆ సంగతి ముందే చెప్పేస్తాయి. మనవాళ్లు కనీసం ఆ మాటైనా గోడ మీద రాసి పెట్టాలి.

మిర్యాలగూడ వాసి:
నీ సంగతి చదివాక నా మాట కొంత మార్చుకుంటున్నా తమ్మీ. అద్దె గొడవలు, బైక్ చలాన్లు, బయటి కోచింగ్ సెంటర్ ఫీజులు లాంటివి ఆ కేంద్రం చూడనీ. కాలేజీ మీదిదైతే మొదటి నిమిషంలోనే "నేను వాళ్ల లాయర్‌ను, నాకు చెప్పకు" అనాలి. కానీ జిల్లా కోర్టుకు పోవడానికి దేవరకొండ తండాల పిల్లలకు ఒక రోజు కూలి పోతుంది, అదీ ఆలోచించండి.

నల్గొండ కోర్టు జూనియర్:
అందుకే ముందు ఫోన్ నంబర్ చెప్పాను అన్నా. ప్రతిసారీ కోర్టు దాకా రావాల్సిన పని లేదు.

పాలమూరు అన్న:
పొద్దున్నే 15100కు ఫోన్ చేశాను. సోమవారం చెల్లెను తీసుకుని జిల్లా కోర్టుకు వెళ్తున్నాం. ధైర్యం చెప్పిన ఆ లెక్చరర్‌కు మాత్రం తర్వాతి నెల నుంచి క్లాసులు ఇవ్వలేదు. ఆయనకు ఏ లాయర్‌ను చూపించాలో ఎవరైనా చెప్పండి.