అప్‌డేట్: గేజ్‌లు చివరికి ఎక్కడ పెట్టానంటే

కారులో ఆయిల్ ప్రెషర్, వోల్ట్ మీటర్లు (గేజ్‌లు) ఏ-పిల్లర్ మీద, అంటే ముందు అద్దం పక్కనుండే స్తంభం మీద పెట్టాలా, డాష్‌బోర్డు మీదా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. పిల్లర్ ఆలోచన మానేశాను. దాని పై తొడుగు (ట్రిమ్) ఊడదీస్తే లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్, అంటే ప్రమాదంలో పక్క అద్దాల వెంట తెరలా విచ్చుకునేది, కనిపించింది. దాని దారిలో గేజ్ బిగించే ధైర్యం నాకు లేదు.

గేజ్ సైజులోనే 52 మిల్లీమీటర్ల అట్టముక్కలు గుండ్రంగా కత్తిరించి, టేపుతో అంటించి వారం నడిపాను. (ఇంట్లోవాళ్లు నవ్వారు, అది వేరే సంగతి.) స్టీరింగ్ వెనక అంటించింది సగమే కనబడింది. డాష్ పైన పెట్టింది ఎండలో ముందు అద్దంలో తెల్లగా మెరిసి చంపేసింది.

చివరికి ఆయిల్ ప్రెషర్‌ని మధ్య ఏసీ వెంట్ ఒకదాని స్థానంలో పెట్టాను. రోడ్డు మీంచి చూపు పెద్దగా తిప్పక్కర్లేదు. వోల్ట్ మీటర్ కింద, స్టీరియో దగ్గరి అరలోకి వెళ్లింది. దాన్ని ఎప్పుడో ఒకసారి చూస్తే చాలు. గాలి కాస్త తగ్గింది, పక్క సీటు వాళ్లు ఇంకా గమనించలేదు.