కొత్త గిటార్ బ్రిడ్జి లేస్తోంది. ఇంట్లోనే అంటించుకోవచ్చా?

అనంతపురం గిటార్:
అన్నలకు, అక్కలకు నమస్తే. ట్యూషన్లు చెప్పి దాచిన డబ్బుతో మార్చిలో బెంగళూరులో రూ.12,500 పెట్టి అకూస్టిక్ గిటార్ కొన్నాను. మొన్న కిటికీ దగ్గర కూర్చొని స్ట్రింగ్స్ మారుస్తుంటే తీగలు కట్టే చెక్కముక్క ఉంటుంది కదా, ఆ బ్రిడ్జి వెనక, తీగలను పట్టి ఉంచే పిన్నుల అవతల అంచు కింద సన్నని నల్లగీత కనపడింది. జేబులో ఉన్న బస్సు టికెట్ దూర్చి చూసినాను. లావు తీగల పక్క గోరంత లోపలికి పోయింది. సన్న తీగల పక్క అసలు దూరలేదు. బ్రిడ్జి వెనక పైచెక్క కూడా రోంత ఉబ్బినట్లుంది. యాక్షన్, అంటే మెడ మీద తీగల ఎత్తు, పెరిగింది. ఎఫ్ కార్డ్ పడితే చూపుడు వేలు నొస్తోంది.

ఒక మాట దాచను. మే నెలలో తాడిపత్రికి పెళ్లికి పోయినప్పుడు గిటార్‌ను కారు డిక్కీలో వదిలేసినాను. భోజనాలు అయ్యేసరికి మూడు గంటలు పట్టింది, కారేమో ఎండలోనే ఉండె. అంగడికి ఫోన్ చేస్తే వాడకంలో పోయింది, మాకు సంబంధం లేదన్నారు. సూపర్ గ్లూ నాలుగు చుక్కలు వేసి పైన ఇటుక పెట్టమని ఫ్రెండు అంటున్నాడు. చేయి రావడం లేదు. ఏం చేయాల?

కర్నూలు చెక్కపని:
తమ్ముడూ, ఇది చదవగానే స్ట్రింగ్స్ వదులు చెయ్. మిగతాది తర్వాత. 12 గేజ్ సెట్టు, అంటే అన్నిటికన్నా సన్న తీగ 0.012 అంగుళం మందం ఉండేది, పూర్తి ట్యూనింగ్‌లో ఉంటే ఆరు తీగలూ కలిసి 70 కిలోలకు పైగా లాగుతాయి. వయొలిన్ బ్రిడ్జికి జిగురే ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. గిటార్‌లో అట్లా కాదు, ఆ లాగుడు మోసేది బ్రిడ్జి కింది జిగురే. ఒక పక్క విడిస్తే బరువంతా రెండో పక్క మీద పడుతుంది, అదీ విడుస్తుంది.

కాగితం ఒక మిల్లీమీటరు దూరితే భయం లేదు. ఫ్యాక్టరీలో బ్రిడ్జి అంచు కింద పాలిష్ రోంత వదిలేస్తారు, అక్కడ జిగురు పట్టదు. గోరంత దూరిందంటే మాత్రం లేచినట్లే. కారణం నువ్వే చెప్పినావు. మామూలు చెక్కజిగురు 60 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. మన మే ఎండలో మూసిపెట్టిన కారు అంత వేడెక్కుతుంది.

సూపర్ గ్లూ మాట మర్చిపో. సందులో పోస్తే పాత జిగురు మీద పెళుసు పొరలాగా గడ్డకడుతుంది, చెక్కను పట్టదు. రేపు సరిగ్గా చేద్దామని బ్రిడ్జి తీస్తే పైచెక్క ఈనెలు కూడా ఊడివస్తాయి. అట్లాంటిది ఒకటి నా దగ్గరికి వచ్చింది, గుంటలు పూడ్చడానికే రెండు రోజులు పట్టింది.

అసలు పని ఏమంటే, బ్రిడ్జిని నిదానంగా వేడిచేసి పలుచని పట్టీ దూర్చి పూర్తిగా విడదీయాల. పాత జిగురు రెండు పక్కలా గీకి పచ్చిచెక్క తేల్చాల. కొత్తగా చెక్కజిగురు పూసి, సౌండ్ హోల్‌లోంచి క్లాంపులు వేసి ఒక రోజంతా బిగించి పెట్టాల. కొన్ని గిటార్లకు బ్రిడ్జి మీద తెల్లచుక్కల కింద బోల్టులు ఉంటాయి, అది చూసుకోకుండా పట్టీ దూరిస్తే చెక్క చీలుతుంది. మొదటిసారి చేసేవాళ్లు కొత్త గిటార్ మీద నేర్చుకోవద్దు.

కడప కోయిర్ అక్క:
తమ్ముడూ, వారంటీ ఉంటే నువ్వు గానీ బయటివాళ్లు గానీ దాన్ని ముట్టుకోవద్దు. ఒకసారి జిగురు పడిందంటే అదే సాకుగా చూపిస్తారు. సందులో కాగితం పెట్టి, పక్కన స్కేలు ఆనించి ఫొటోలు తియ్. బిల్లు జతచేసి రాతలో పంపు. ఫోన్లో మాట ఎవరైనా దాటేస్తారు. చర్చి గిటార్‌కు ఇట్లాగే అయితే నేను రెండుసార్లు మెయిల్ పెట్టినాను, మూడో వారంలో బాగుచేసి ఇచ్చినారు. కారులో పెట్టిన సంగతి వాళ్లు అడిగితే ఉన్నదున్నట్లే చెప్పు, అబద్ధమాడి గెలవద్దు.

రిపేరు అయినాక ఇంకా సన్నని 10 గేజ్ తీగలు వెయ్, లాగుడు 60 కిలోల దగ్గరికి దిగుతుంది.

అనంతపురం గిటార్:
అన్నా, అక్కా, ఇద్దరికీ దండాలు. రాత్రే వదులు చేసినాను. పొద్దున టికెట్ మళ్లీ దూరిస్తే ముందున్నంత లోపలికి పోలేదు. ఫొటోలు, బిల్లు పంపినాను. కారు సంగతి కూడా రాసినాను. శనివారం తీసుకురా, చూసి చెప్తామని జవాబిచ్చినారు. తెల్లారుజామున బస్సుకు పోతున్నాను, ఎండ ఎక్కకముందే చేరుకోవాల. డిక్కీలో పెట్టను, ఒళ్లో పెట్టుకుంటాను. వాళ్లు కాదంటే కర్నూలుకే తెస్తానన్నా.