"దయ నిండుకున్న దేవుడు" అనవచ్చా?

ఈ సెమిస్టర్ యూనివర్సిటీలో ఆధునిక హీబ్రూ సాహిత్యం కోర్సు తీసుకున్నాను. బియాలిక్, అగ్నోన్ అయ్యాక ఇప్పుడు యెహూదా అమిఖాయ్ (1924–2000) చదువుతున్నాం. ఆయన కవిత ఒకటి తెలుగు చేద్దామని కూర్చుని, వారం రోజులుగా మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను.

చనిపోయినవారి కోసం యూదులు చదివే ప్రార్థన ఒకటి "ఎల్ మలే రహమిమ్" అని మొదలవుతుంది. దయతో నిండిన దేవుడు అని అర్థం. అమిఖాయ్ ఆ మాటలతోనే కవిత ఎత్తుకుని వెంటనే "ఇల్మలే" అంటాడు. అంటే "కాకపోయి ఉంటే". దేవుడు దయతో నిండి ఉండకపోతే దయ ఆయన ఒక్కడిలోనే కాక లోకంలోనూ ఉండేదట! అచ్చుల గుర్తులు తీసేసి చూస్తే ఎల్ మలే, ఇల్మలే రెండూ అవే ఐదు అక్షరాలు. మధ్యలో ఖాళీ ఒక్కటే తేడా. 1948 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో పోరాడిన మనిషి ఆయన. కొండల మీంచి శవాలను దింపుకొచ్చిన నాకు తెలుసు, లోకంలో దయ లేదు అని ఇదే కవితలో చెబుతాడు.

ఇంకో చిక్కు రహమిమ్. రెహెమ్ అంటే గర్భం, రెండింటికీ ధాతువు ఒకటే. దయ, కరుణ అంటే ఆ కడుపు వినబడటం లేదు. కడుపుతీపి అనొచ్చా?

జవాబు: కడుపుతీపి వద్దండీ. అది కన్నబిడ్డల మీదే ఉంటుంది, రహమిమ్ పరాయివాళ్లకూ అందుతుంది. మనకు తెలిసిన రహమాన్, రహీమ్ పేర్లలో ఉన్నదీ ఈ ధాతువే. నేనైతే వాత్సల్యం అంటాను. అందులో వత్సం ఉంది, అంటే దూడ. ఈనిన ఆవు దూడను నాకడం కళ్లముందుకు వస్తుంది.

జవాబు: అమ్మా, నువ్వు చెప్పిన మొదటిదాన్ని మనవాళ్లు సభంగ శ్లేష అంటారు. మాటను వేరేచోట విరిస్తే వేరే అర్థం వస్తుంది. పింగళి సూరన రాఘవపాండవీయంలో కావలసినన్ని దొరుకుతాయి. కానీ నీకు అంత దూరం అక్కర్లేదు. డబ్బాలో బియ్యం అయిపోతే మా అమ్మ "బియ్యం నిండుకున్నాయి" అనేది. లేవు అనకూడదు, అశుభం. దీపం కొండెక్కింది అన్నట్టే. "దయ నిండుకున్న దేవుడు" అని ఒకసారి పైకి చదువు.

మాస్టారూ, చదివాను. ఒళ్లు జలదరించింది. నిండటం, అయిపోవడం రెండూ ఒక్క మాటలోనే వచ్చేశాయి. ఒక్కటే నన్ను ఆపుతోంది. అమిఖాయ్ దగ్గర దేవుడు నిండుగానే ఉన్నాడు, ఖాళీ అయింది లోకం. మన మాటలో దేవుడే ఖాళీ అయ్యే ప్రమాదం ఉంది. అది కవి అనలేదు. అందుకే రెండో పాదంలో సరిచేయాలని చూశాను:

దయ నిండుకున్న దేవుడు.
దేవుడిలోనే అంత దయ నిండకపోయి ఉంటే
లోకంలోనూ ఉండేది దయ, ఆయనలోనే కాకుండా.

వాత్సల్యం పెట్టి చూశాను, పాదం బరువెక్కింది. గర్భం పోయింది, ఆ బాధ ఉంది.

జవాబు: దయే ఉంచండి. మా అమ్మాయికి చదివి వినిపిస్తే దేవుడు నిండుగా ఉన్నాడనే అనుకుంది. బియ్యం సంగతి చెప్పాను. కాసేపు ఆగి, మళ్లీ మొదటినుంచి చదవమంది.