నిమ్మ తోట పక్కన రొయ్యల గుంటలకు ఒప్పుకోవచ్చా?

వాకాడు రైతు:
మా ఊళ్ళో నిమ్మ తోటలను ఆనుకుని వనామి రకం రొయ్యల గుంటలు తవ్వుతామంటున్నారు. ఊరు రెండుగా చీలింది. తెలిసినవాళ్ళు చెప్పండి.

గుంటల సాగుదారు:
ఒప్పుకోవాలన్నా. నిమ్మను నమ్ముకుంటే ఏమవుతుందో గూడూరు మార్కెట్‌కు కాయ తోలినవాళ్ళకు తెలుసు. ఎండాకాలంలో ధర బాగుంటుంది. కాపు ముమ్మరమైతే కోత కూలి కూడా రాదు. వనామి మూడు నాలుగు నెలల్లో చేతికొస్తుంది. తీరంలో బోర్లు ఎలాగూ ఉప్పు తిరుగుతున్నాయి కదా?

తిరుపతి నుంచి:
ధర సంగతి నిజమే అన్నా, ఆ బాధ చిన్నది కాదు. కానీ బోరు ఉప్పు తిరుగుతోందంటే గుంట వద్దనడానికి అదే పెద్ద కారణం. ఉప్పుకు తొందరగా దెబ్బతినే చెట్టు నిమ్మ. ముందు ఆకుల కొసలు మాడతాయి, తర్వాత ఆకు రాలుతుంది, పూత నిలవదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. గుంటలో అందులో సగమే ఉన్నా ఇసుక నేలలో ఊట ఆగదు. రొయ్యలకు తెల్లమచ్చ వైరస్ సోకి నష్టపోతే గుంటను వదిలేసి వెళ్ళిపోవచ్చు. తోటను అలా వదల్లేం, నాటిన నిమ్మ కాపుకు రావడానికే మూడు నాలుగేళ్ళు పడుతుంది.

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఈ విషయం మీదే తీర్పు చెప్పింది. వ్యవసాయ భూములను రొయ్యల గుంటలుగా మార్చొద్దంది. చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపల రొయ్యల సాగు వద్దంది. ఆ తర్వాత 2005లో తీర ఆక్వా చట్టం వచ్చింది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది.

పులికాట్ పేరు ఊరికే రాలేదు. పక్షుల అభయారణ్యమైన నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతులు పిల్లలకు చేపలు తెచ్చేది ఎక్కువగా ఆ సరస్సు నుంచే. ఫ్లెమింగోలు లోతు తక్కువ నీళ్ళలో ముక్కు తలకిందులుగా పెట్టి నాచును, చిన్న చిన్న జలజీవులను వడగట్టుకుని తింటాయి. పట్టుబడి (రొయ్యలు పట్టడం) అయ్యాక గుంటల్లోని మురుగు, మిగిలిన మేత, మందులు కాలువల గుండా చేరేది అలాంటి నీళ్ళలోకే. అక్కడ వల వేసి బతికేవాళ్ళ సంగతి ఎవరు ఆలోచిస్తారు?

గుంటల సాగుదారు:
ఇప్పుడు గుంట అడుగున ప్లాస్టిక్ షీట్ పరుస్తున్నాం, ఊట బయటికి పోదు.

తిరుపతి నుంచి:
షీట్ చినగనంతవరకు ఊట తగ్గుతుంది, ఒప్పుకుంటాను. పట్టుబడి రోజు వదిలే నీటిని అది ఆపదు. ఆ నీటిని నిలబెట్టి శుద్ధి చేయడానికి వేరే చెరువు కావాలి. దానికి భూమి వదిలేవాళ్ళు ఎంతమంది?

వాకాడు అన్నా, మీరు ముందు తోటల్లోని బావులు, బోర్ల నీళ్ళకు ఉప్పు పరీక్ష చేయించి కాగితాలు దాచుకోండి. గుంట వచ్చాక ఉప్పు పెరిగిందని చూపించాలంటే ముందు ఎంతుందో రుజువుండాలి. తోటకు, గుంటకు మధ్య ఎంత దూరం వదులుతారో, మురుగు ఏ కాలువలోకి పోతుందో రాతపూర్వకంగా అడగండి. ఆ రెండూ చెప్పనంతవరకు గ్రామసభలో సంతకం పెట్టొద్దు.