దేవుని మీద నమ్మకం లేనివారు పన్నెండు మెట్ల సమావేశానికి వెళ్లాలా?

మూడోవారం:
నేను తాగుడు మానేసి నేటికి 19 రోజులు. వైద్యుని పర్యవేక్షణలోనే మానేశాను, ఆయన రాసిన మందులు ఇంకా వాడుతున్నాను. ఆయన సలహా మీదే నిన్న మొదటిసారిగా ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశానికి వెళ్లాను. తాగుడు మానాలనుకునేవారు పన్నెండు మెట్ల బాటలో ఒకరికొకరు తోడుండే సంఘం అది. బయట పది నిమిషాల పాటు ఫోను చూసుకుంటున్నట్లు నటించి, చివరికి లోపలికి వెళ్లి, ఎప్పుడైనా లేచిపోవడానికి వీలుగా తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను. అక్కడివారి మాటలు నన్ను కదిలించాయి. అయితే గోడకు వేలాడుతున్న పట్టికలో మూడో మెట్టు చదివేసరికి మనసు అడ్డం తిరిగింది. మన సంకల్పాన్నీ జీవితాన్నీ, మనం అర్థం చేసుకున్న రీతిలో, దేవునికి అప్పగించాలని అందులో ఉంది. చివర అందరూ నిలబడి ప్రార్థన చేస్తుంటే నేను పెదవి కదపలేకపోయాను. ఇన్నేళ్లూ తాగుడు కోసం ఇంట్లో అబద్ధాలాడినవాణ్ణి, మానడం కోసం ఇంకో అబద్ధం ఆడాలా?

హేతువాది:
ఆడనవసరం లేదు, ఆ సమావేశానికి వెళ్లనవసరమూ లేదు. పన్నెండు మెట్లలో ఆరింటిలో దేవుడో, మనకన్నా గొప్ప శక్తో ఏదో ఒక రూపంలో ఉన్నారు. "మనం అర్థం చేసుకున్న రీతిలో" అనే తోక తగిలించినంత మాత్రాన ఆ చట్రం మారిపోదు. పెరోల్ మీద ఉన్న వ్యక్తిని ఇటువంటి కార్యక్రమానికి బలవంతంగా పంపడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికాలో ఒక అప్పీలు కోర్టు 2007లో తేల్చిందంటే, ఇందులో మతం పాలు ఎంతో మీరే అంచనా వేసుకోండి. 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ అనే మరో సహాయ సంఘంలో దేవుని ఊసు ఉండదు. తాగాలన్న కోరిక ఎప్పుడు, ఎందుకు పుడుతోందో గమనించి దాన్ని దాటే పద్ధతులు నేర్పుతారు. ఆన్‌లైన్ సమావేశాలు కూడా ఉన్నాయి.

పాతకాపు:
నేను మానేసి పదకొండేళ్లు దాటింది, నాకూ దేవుని మీద నమ్మకం లేదు, అయినా వారానికి రెండుసార్లు అదే సమావేశానికి వెళుతున్నాను. హేతువాది గారు చెప్పిన లెక్క తప్పు కాదు. కానీ ఈ సంఘం ఎలా పుట్టిందో చూడండి. 1935లో, అప్పటికే తాగుడు మానేసి ఉన్న బిల్ విల్సన్ వ్యాపారం పని మీద అమెరికాలోని ఏక్రన్ నగరానికి వెళ్లి, ఆ పని చెడి, హోటల్లో ఒంటరిగా ఉన్నప్పుడు మళ్లీ తాగుతానేమోనని భయపడ్డాడు. అప్పుడాయన ఫోన్లు చేసింది చర్చి వారికే అయినా, అడిగింది మాత్రం తనలాంటి మరో తాగుబోతు ఎక్కడ దొరుకుతాడనే. అలా దొరికినవారే డాక్టర్ బాబ్, ఆ ఇద్దరే ఈ సంఘ స్థాపకులు. ఇప్పటికీ అక్కడ పనిచేసేది ఆ ఫోనేనని నా అభిప్రాయం. నా మూడో నెలలో ఒక రాత్రి దుకాణం ముందు నిలబడి, జేబులో చేతికి తగిలిన చీటీ మీది నంబరుకు ఫోన్ చేశాను. అవతలి మనిషి ఉపదేశమేమీ చేయలేదు. "షట్టరు దించేదాకా మాట్లాడుతూ ఉందాం" అన్నాడు, నిజంగానే నలభై నిమిషాలు మాట్లాడాడు. సభ్యత్వానికి తాగుడు మానాలన్న కోరిక తప్ప మరే షరతూ లేదని, సంప్రదాయాలన్న పేరుతో సంఘం రాసుకున్న సూత్రాల్లో మూడోదే చెబుతోంది కాబట్టి, ప్రార్థన వేళ మౌనంగా నిలబడితే మీరు ఎవరికీ అబద్ధం చెప్పినట్లు కాదు. ఒక్క సమావేశాన్ని బట్టి నిర్ణయించుకోకండి, ఒక గుంపుకీ ఇంకో గుంపుకీ చాలా తేడా ఉంటుంది. నాస్తికులూ సందేహవాదులూ నడుపుకునే గుంపు ఇదే సంఘంలో 1975లోనే షికాగోలో మొదలైంది.

హేతువాది:
మీకు మంచి మనిషి దొరికాడు. నాకు దొరికిన పెద్దమనిషి, మందులు వేసుకుంటే అది నిజమైన మానడం కాదన్నాడు. ఆ మాట విని నేను మందులు ఆపేశాను, నెల తిరక్కుండా మళ్లీ తాగాను. ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదు.

వార్డునర్సు:
ఆ పెద్దమనిషి తమ సంఘం మాటే వినలేదు. సభ్యులెవరూ వైద్యుని పాత్ర పోషించకూడదని ఆ సంఘం కరపత్రంలోనే ఉంది. ఇది చదువుతూ, రోజూ ఎక్కువగా తాగుతూ, ఇంకా మానని వారెవరైనా ఉంటే వారి కోసం ఒక మాట: మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు, సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వణుకు, మతిభ్రమ ప్రాణం మీదికి తేవచ్చు. ముందు ఆసుపత్రి, ఆ తర్వాతే సమావేశం.

ఇక అసలు ప్రశ్నకు వస్తే, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను కలిపి 2020లో వెలువరించిన సమీక్షలో, ఒక ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవారు పన్నెండు మెట్ల బాటలో 42 శాతం, ఇతర చికిత్సల్లో 35 శాతం. అయితే అందులో బలంగా తేలిన ఫలితం చికిత్సకులు ఒక పద్ధతి ప్రకారం రోగులను సమావేశాలకు అలవాటు చేసిన కార్యక్రమాలది, ఊరికే ఒక చిరునామా చేతిలో పెట్టి పంపినవారిది కాదు.

హేతువాది:
నూటికి ఏడుగురి తేడా చిన్నది కాదని ఒప్పుకుంటాను. ఆ 42 మందిలో నాలాంటివారు ఎందరో ఆ అంకె చెప్పదు.

మూడోవారం:
అందరికీ కృతజ్ఞతలు. మందులు ఆపను. ఆదివారం ఆన్‌లైన్‌లో స్మార్ట్ సమావేశం చూస్తాను, గురువారం ఇంకో గుంపుకు వెళతాను. పాతకాపు గారూ, ఒక చిన్న సందేహం. అక్కడ వరసగా ఒక్కొక్కరూ మాట్లాడుతూ వస్తారు కదా, నా వంతు వచ్చినప్పుడు ఏం చెప్పాలి?

పాతకాపు:
"ఈరోజు వింటాను" అనండి. పక్కవారు అందుకుంటారు. నేను మొదటి ఆరు వారాలూ అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడలేదు.