మోరిస్ మైనర్‌కి ఆయిల్ ప్రెజర్, టెంపరేచర్ గేజీలు: మెకానికలా, ఎలక్ట్రికలా?

మైనర్1098:
అందరికీ నమస్తే. నాది మోరిస్ మైనర్, 1098 సీసీ ఇంజన్, ఇప్పటికీ పాజిటివ్ ఎర్తే (బ్యాటరీ ప్లస్ కొన బాడీకి కలిపి ఉంటుంది). కంపెనీ ఇచ్చింది స్పీడోమీటర్‌లో ఒక ఆయిల్ లైటు మాత్రమే. నీళ్లు ఎంత వేడెక్కాయో చూపించేది ఏదీ లేదు. బానెట్ కింద నుంచి ఆవిరి వచ్చాక తెలుసుకుని లాభం లేదు కదా! 52 ఎంఎం గేజీలు రెండు పెడదామనుకుంటున్నా. మెకానికల్ తీసుకోవాలా, ఎలక్ట్రికలా? గేజీ పెట్టాక ఆయిల్ లైటు తీసేయొచ్చా? టెంపరేచర్ సెన్సార్ ఎక్కడ బిగించాలి?

పాతఇంజన్:
బ్రదర్, ముందు ఒక్క మాట. లైటు మాత్రం తీయకండి. రోడ్డు మీద కళ్లుండగా ప్రెజర్ పడిపోతే గేజీ ముల్లు పడిపోయిన సంగతి మీకు తెలీదు. ఎర్రలైటు వెలిగితే మాత్రం చూపు అటే పోతుంది. కాకపోతే ఆ లైటు వెలిగేది ప్రెజర్ ఏ 5, 10 పీఎస్ఐకో (చదరపు అంగుళానికి పౌండ్లు) దిగాక. 60 నుంచి 25కి పడిపోయినా అది పలకదు. అందుకే రెండూ ఉండాలి.

లైటు స్విచ్ బిగించిన రంధ్రం దగ్గరే టీ-పీస్ (T ఆకారం జాయింటు) పెట్టి, ఒక కొమ్మకి స్విచ్, ఇంకో కొమ్మకి గేజీ పైపు ఇవ్వొచ్చు. కానీ ఇత్తడి అడాప్టర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి బరువంతా బ్లాక్ మీద వేలాడదీయకండి. ఇంజన్ అదురుకి మెడ దగ్గర విరుగుతాయి. పొట్టి ఫ్లెక్సిబుల్ హోస్ ఒకటి వేసి, టీ-పీస్‌ని బాడీకి క్లాంప్ చేయడం మేలు.

మరలు కొలవకుండా ఫిటింగ్ కొనకండి. 1/8 బీఎస్పీకి (బ్రిటిష్ రకం మర) అంగుళానికి 28 మరలు, 1/8 ఎన్పీటీకి (అమెరికన్ రకం) 27. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, మొదటి చుట్లు చేత్తోనే ఎక్కుతాయి కూడా. ఆ తర్వాత పట్టేస్తుంది. అక్కడ స్పానర్‌తో బలవంతం చేస్తే పాడయ్యేది బ్లాక్. పిచ్ గేజ్ పెట్టి చూసుకోండి.

ఆయిల్‌కి నా ఓటు మెకానికల్‌కే. లోపల ఒంపు తిరిగిన బోర్డన్ ట్యూబు ఉంటుంది, ప్రెజర్‌కి అది నిటారవుతూ ముల్లుని తిప్పుతుంది. కరెంటుతో పనిలేదు కాబట్టి మీ పాజిటివ్ ఎర్త్‌తో గొడవే లేదు. ఒక్కటే ప్రమాదం: పంపు ప్రెజర్‌లో ఉన్న ఆయిల్ మీ మోకాళ్ల దాకా వస్తుంది. పైపు తెగితే సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) ఖాళీ అవడానికి ఎంతోసేపు పట్టదు. నైలాన్ పైపైతే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి దూరంగా లాగండి. రాగి పైపైతే ఇంజన్‌కీ బాడీకీ మధ్య రెండు మూడు చుట్లు వదలండి. రాగి అదురుకి గట్టిపడి పగులుతుంది, ఆ చుట్లు అదురుని మింగేస్తాయి. ఫైర్‌వాల్ రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి.

టెంపరేచర్‌కి కాపిల్లరీ గేజీ (సన్నటి ట్యూబు, బల్బు ఉండే మెకానికల్ రకం) తీసుకుంటే దాని ట్యూబు కొయ్యకూడదు, మడత పడనివ్వకూడదు. లోపల ఈథర్ ఉంటుంది, అది కారిపోతే గేజీ పోయినట్టే. మిగిలిన పొడవుని పిడికిలంత చుట్టగా చుట్టి కట్టేయండి. బిగించే ముందు బల్బుని మరుగుతున్న నీళ్లలో, గిన్నె అడుగుకి తగలకుండా పట్టుకుని చూడండి. ముల్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలబడాలి.

వైరింగ్‌పిచ్చి:
పైన చెప్పినదానికి నాదొక చేర్పు. సెన్సార్ థర్మోస్టాట్‌కి (నీళ్లు వేడెక్కాకే రేడియేటర్‌కి వదిలే వాల్వ్) ఇంజన్ వైపే ఉండాలి. హెడ్‌లో ప్లగ్ వేసిన రంధ్రం ఉంటే అదృష్టం. అది లేదని టాప్ హోస్ (రేడియేటర్‌కి వెళ్లే పై గొట్టం) మధ్యలో అడాప్టర్ పెడితే, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా గేజీ చల్లగానే చూపిస్తుంది.

ఎలక్ట్రికల్ గేజీ సెన్సార్‌కి ఎర్త్ అందేది దాని మరల ద్వారానే. టెఫ్లాన్ టేపు మందంగా చుడితే రీడింగ్ తప్పుతుంది. హోస్ అడాప్టర్‌లో పెడితే చుట్టూ రబ్బరే కాబట్టి బాడీకి వేరే ఎర్త్ వైరు లాగాలి. పాత బైమెటల్ గేజీకి పోలారిటీ పట్టింపు లేదు, కానీ దానికి వేసే ఎలక్ట్రానిక్ స్టెబిలైజర్‌కి (గేజీకి వోల్టేజీ నిలకడగా ఇచ్చేది) ఉంది. కొనేటప్పుడు పాజిటివ్ ఎర్త్‌ది అడగండి.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. నీళ్లు మొత్తం కారిపోతే సెన్సార్ గాల్లో ఉంటుంది, అప్పుడు ముల్లు పైకి వెళ్లే బదులు కిందికి దిగొచ్చు. ఎండలో వెళ్తుండగా ముల్లు ఊరికే చల్లబడితే సంతోషించకండి, బండి ఆపండి.

మైనర్1098:
ఇద్దరికీ చాలా థాంక్స్. రెండూ మెకానికల్‌వే బిగించాను, లైటు ఉంచాను, ఎక్కడా లీకు లేదు. నీళ్లు 82 డిగ్రీల దగ్గర నిలకడగా ఉన్నాయి. ఆయిల్ ప్రెజర్ మాత్రం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు 70 పీఎస్ఐ, రోడ్డు మీద 60, బాగా వేడెక్కాక ఐడిల్‌లో 18. ఈ 18 చూస్తే భయంగా ఉంది. బేరింగులు పోయాయంటారా?

పాతఇంజన్:
భయపడకండి. వేడికి ఆయిల్ పలచబడుతుంది, ఐడిల్‌లో పంపు నెమ్మదిగా తిరుగుతుంది, అందుకే దిగుతుంది. ఈ ఇంజన్‌కి వేడి ఐడిల్‌లో 15 పైన ఉంటే చాలు. రోడ్డు మీద 60 దగ్గర ఆగుతోందంటే అక్కడ రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెజర్‌ని వదిలేసేది) తెరుచుకుంటోందన్నమాట, అది మంచి లక్షణం. రోడ్డు మీద కూడా 40 దాటకపోతే అప్పుడు మొదట రిలీఫ్ వాల్వ్ స్ప్రింగ్, ఆ తర్వాత బేరింగులు చూడాలి.

మీరు పోసింది ఏ ఆయిలో రాయలేదు. పలచని కొత్త రకం సింథటిక్ అయితే వచ్చే మార్పుకి 20డబ్ల్యూ50 (చిక్కటి రకం ఆయిల్) పోసి, నీళ్లు అదే 82 దగ్గర ఉన్నప్పుడు ఐడిల్ రీడింగ్ మళ్లీ ఇక్కడ పెట్టండి.