బల్లారట్‌లో 1874లో పోయిన గని కార్మికుడు: మరణ విచారణ, ప్రొబేట్ కాగితాల్లో ఆయన కుటుంబాన్ని వెతకడం ఎలా?

ప్రశ్న (జిలాంగ్ నుంచి)

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. పెళ్లయ్యాక ఆస్ట్రేలియా వచ్చి, పదకొండేళ్లుగా విక్టోరియా రాష్ట్రంలో ఉంటున్నాను. మావారి కుటుంబం ఐదారు తరాలుగా ఇక్కడిదే. మా అత్తగారికి ఎనభై నాలుగేళ్లు. పాత సంగతులు చెప్పేటప్పుడు ఎప్పుడూ ఒక్కచోట ఆగిపోతారు. ఆవిడ తాతగారి నాన్న ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి బల్లారట్ బంగారు గనుల్లో పనికి వచ్చారట. 1874లో గని కూలి పోయారట. ఆయన భార్య ఏ ఇంటి ఆడపడుచో, వాళ్లకు ఎందరు పిల్లలో ఎవరికీ తెలియదు. తాతగారికి అప్పటికి నాలుగేళ్లు.

అత్తగారు ఉండగానే ఈ ముడి విప్పాలని నా పట్టుదల. డబ్బు కట్టి మరణ ధ్రువపత్రం తెప్పించాను. తల్లిదండ్రుల పేర్లున్న చోట ‘తెలియదు’ అని ఉంది. పిల్లల గడి ఖాళీ. సమాచారం ఇచ్చినవారు కరోనర్ (హఠాత్తుగా పోయినవాళ్ల మరణాన్ని విచారించే అధికారి) అని ఉంది. ఇక్కడితో దారి మూసుకుపోయినట్టేనా? ప్రొబేట్ (పోయినవాళ్ల వీలునామాకు కోర్టు ఇచ్చే ఆమోదం) కాగితాలు చూడమని ఒకరు అన్నారు. కానీ కూలిపని చేసుకున్న మనిషికి ఆస్తి ఎక్కడిది, ప్రొబేట్ ఎక్కడిది అని ఆగిపోయాను.

జవాబు (మెల్‌బోర్న్ నుంచి)

చెల్లెమ్మా, ఖాళీగా ఉందని ఆ ధ్రువపత్రాన్ని పక్కన పెట్టకండి. కరోనర్ అన్న ఆ ఒక్క మాట చాలు, మీకు దారి దొరికినట్టే.

విక్టోరియాలో జనన మరణాల ప్రభుత్వ నమోదు 1853 జులై 1న మొదలైంది. ఇక్కడి మరణ ధ్రువపత్రం ఆ కాలపు ఇంగ్లండ్ పత్రం కన్నా చాలా ఎక్కువ అడుగుతుంది. పోయిన మనిషి తల్లిదండ్రులు, తల్లి పుట్టింటి పేరు, ఎక్కడ పుట్టారు, కాలనీలో (అప్పట్లో విక్టోరియా బ్రిటిష్ వలస ప్రాంతం) ఎన్నేళ్లున్నారు, ఎవరిని పెళ్లాడారు, పిల్లల పేర్లు, వయసులు అన్నీ రాయాలి. అయితే చెప్పేవాళ్లకు తెలిసినంతే రాస్తారు. మంచం మీద పోయినవాళ్ల గురించి కొడుకో అల్లుడో వెళ్లి చెబుతారు కాబట్టి గడులు నిండుతాయి. హఠాత్తుగా పోతే కరోనర్ చెబుతాడు. మనిషి ఎలా పోయాడన్నదే ఆయనకు కావాలి, పిల్లలెందరన్నది కాదు. అందుకే మీ పత్రంలో ఆ గడులు అలా ఉన్నాయి. కానీ కరోనర్ వచ్చాడంటే మరణ విచారణ జరిగింది. జరిగితే దాని కాగితాల కట్ట ఒకటి ఉంటుంది.

ఆ కట్టలు మెల్‌బోర్న్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీస్ విక్టోరియాలో భద్రంగా ఉన్నాయి. శ్రేణి సంఖ్య వీపీఆర్‌ఎస్ 24. 1840 నుంచి ఉన్నాయి, పంతొమ్మిదో శతాబ్దపువి స్కాన్ చేసి పెట్టారు. ఇంట్లో కూర్చుని, రూపాయి కట్టకుండా చూడవచ్చు. ఇంటిపేరు, సంవత్సరం ఇచ్చి వెతకండి. దొరకకపోతే వర్ణక్రమం మార్చి చూడండి. కార్న్‌వాల్ యాసలో చెప్పిన పేరును పోలీసు గుమాస్తా తనకు వినిపించినట్టు రాసుకున్నాడని మరవకండి. హెచ్‌తో మొదలయ్యే పేర్లకు ఆ అక్షరం లేకుండా కూడా వెతకాలి. ముందు పేరు వదిలేసి, ఇంటిపేరుతోనూ ఏడాదితోనూ మాత్రమే ఒకసారి చూడండి.

ఒక్క మాట. ఆ కాగితాలు మొదట మీరొక్కరే చదవండి. శవపరీక్ష చేసిన వైద్యుడు చూసింది చూసినట్టు రాస్తాడు. నూటయాభై ఏళ్లు గడిచినా ఆ వాక్యాలు మనసును కోస్తాయి. అత్తగారి పక్కన కూర్చుని మొదటిసారి తెరవవద్దు.

ప్రొబేట్ సంగతి మీరు విచారణ కాగితాలు చూశాక చెబుతాను.

జవాబు (విజయవాడ నుంచి, విశ్రాంత ఉద్యోగి)

అమ్మాయీ, నేను కోర్టు కాగితాల మధ్య ముప్ఫై ఏళ్లు పనిచేశాను. మన దగ్గర పోలీసులు పంచుల సమక్షంలో చేసే శవ పంచనామా ఉందే, దానికీ మీరు వెతుకుతున్నదానికీ పోలిక ఉంది, తేడా కూడా ఉంది. మన పంచనామాలో శవం ఎలా ఉందన్నదే ప్రధానం. అక్కడ కరోనర్ సాక్షులను పిలిచి ప్రమాణం చేయించి, ఒక్కొక్కరి వాంగ్మూలం విడివిడిగా రాయించి సంతకం తీసుకునేవాడు. చదువు రానివాళ్లు అడ్డంగా ఇంటూ గుర్తు పెట్టేవారు. తరచుగా జ్యూరీ కూడా కూర్చునేది. కాబట్టి మీకు దొరికేది నివేదిక కాదు, మనుషుల మాటలు. ప్రతి వాంగ్మూలంలో మొదటి వాక్యం మీద వేలు పెట్టి చదవండి. ‘నేను ఫలానా, నా వృత్తి ఇది, ఉండేది ఇక్కడ, పోయిన మనిషి నాకు ఈ వరస’ అని సాక్షి తనను తాను చెప్పుకునేది అక్కడే.

జవాబు (సిడ్నీ నుంచి)

ఇది చదివి న్యూ సౌత్ వేల్స్ వాళ్లు ఆశపడతారేమోనని ఒక హెచ్చరిక. ప్రతి కాలనీ దేనికది వేరు. విక్టోరియా 1851 జులై 1న న్యూ సౌత్ వేల్స్ నుంచి విడిపోయింది, క్వీన్స్‌లాండ్ 1859లో విడిపోయింది. మా వైపు పంతొమ్మిదో శతాబ్దపు విచారణల్లో చాలావాటికి వాంగ్మూలాల కట్టలు మిగలలేదు. రిజిస్టర్లు మిగిలాయి. వాటిలో పేరు, తేదీ, చోటు, నిర్ణయం ఒక్క వరసలో ఉంటాయి, అంతే. అలాంటప్పుడు వార్తాపత్రికలే దిక్కు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వాళ్ల ట్రోవ్ వెబ్‌సైట్‌లో పాత పత్రికలు ఉచితంగా చదవవచ్చు. విలేకరి విచారణలో కూర్చుని సాక్షుల మాటలు దాదాపు పూర్తిగా రాసుకొచ్చేవాడు. అక్కయ్యా, మీరు కూడా ‘బల్లారట్ స్టార్’ పత్రికలో ఆ వారం సంచికలు చూడండి. కట్టలో లేనిది పత్రికలో ఉండవచ్చు.

మళ్లీ ప్రశ్న (జిలాంగ్ నుంచి)

దొరికింది! ఇంటిపేరులో ఒక అక్షరం తేడా. మొత్తం తొమ్మిది పుటలు. రాత్రి రెండు గంటల దాకా చదివాను.

గని కూలలేదు. శనివారం రాత్రి పని ముగించుకుని ఇంటికి నడిచి వస్తూ, ఎవరూ వాడకుండా వదిలేసిన గని బావిలో పడిపోయారు. నీళ్లు నిండి ఉన్నాయి. చుట్టూ కంచె లేదని పోలీసు రాశాడు. ప్రమాదవశాత్తు మునిగి మరణం అని జ్యూరీ నిర్ణయం. భార్య వాంగ్మూలం నాలుగే వాక్యాలు, కింద ఇంటూ గుర్తు. శవాన్ని గుర్తుపట్టిన మరో మనిషి మృతుడిని తన చెల్లెలి భర్త అని చెప్పాడు. ఇప్పుడేం చేయాలి?

జవాబు (మెల్‌బోర్న్ నుంచి)

చెల్లెమ్మా, మీకు కావలసినదానిలో సగం ఆ ‘చెల్లెలి భర్త’ అన్న మాటలోనే ఉంది. ఆ సాక్షి ఇంటిపేరే మీ అత్తగారి ముత్తవ్వ పుట్టింటి పేరు. ఆయన ఆమె సవతి అన్న అయితే తప్ప. అందుకే వివాహ నమోదుల సూచికలో భర్త ఇంటిపేరు, ఈ పేరు జంటగా పెట్టి చూడండి. వివాహ పత్రం దొరికితే ఇద్దరి తల్లిదండ్రుల పేర్లు వస్తాయి. అదే జంట పేర్లతో జననాల సూచిక వెతికితే పిల్లలంతా వరసగా బయటపడతారు.

ఆ వదిలేసిన గని బావి గురించి. బల్లారట్, క్రెస్విక్, బెండిగో చుట్టుపక్కల నేలంతా గోతులే. మనుషులు గోతిలో బంగారం అయిపోగానే వదిలేసి పక్కకు వెళ్లిపోయేవారు. రాత్రిపూట వాటిలో పడిపోయినవాళ్ల విచారణలు ఆ కట్టల్లో ఎన్ని ఉన్నాయో చూస్తే గుండె చెరువవుతుంది. పెద్ద ప్రమాదాలు అందరికీ గుర్తుంటాయి. 1882 డిసెంబరు 12న క్రెస్విక్ దగ్గర న్యూ ఆస్ట్రలేసియన్ గనిలోకి పక్కనున్న పాత తవ్వకాల నీరు విరుచుకుపడి 22 మంది పోయారు. లోపల చిక్కుకున్నవాళ్లు తమ డబ్బాల మీద ఇంటివాళ్లకు చివరి మాటలు గీకారు. ఆ పేరు అందరికీ తెలుసు. ఒంటరిగా ఒక్కో గోతిలో పోయినవాళ్లకు మాత్రం ఈ తొమ్మిది పుటలే స్మారకం. మీ ఇంట్లో ‘గని కూలి’ అని చెప్పుకోవడం అబద్ధం కాదు. నాలుగేళ్ల పిల్లవాడికి అమ్మ ‘నాన్న గనిలో పోయాడు’ అని చెప్పి ఉంటుంది, అతనికి అర్థమైనది అతను చెప్పాడు.

ఇక ప్రొబేట్. ఆస్తి లేనివాళ్లకు ప్రొబేట్ ఉండదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. గుడిసె, చిన్న స్థలం, బ్యాంకులో నాలుగు పౌండ్లు, ఒక గుర్రం ఉన్నా దరఖాస్తు పెట్టినవాళ్లున్నారు. ఫైళ్లు వీపీఆర్‌ఎస్ 28లో, వీలునామాలు వీపీఆర్‌ఎస్ 7591లో ఉంటాయి. 1841 నుంచి 1925 వరకు స్కాన్ చేసినవే. వీలునామా ఉంటే ప్రొబేట్, లేకపోతే ఆస్తి నిర్వహణ అధికారం ఇచ్చే ఉత్తర్వు, రెండూ ఒకే సూచికలో దొరుకుతాయి. వీలునామా ఒక్కటే చదివి ఊరుకోకండి. ఫైలులోని ప్రమాణ పత్రంలో పోయిన తేదీ, చోటు, మిగిలిన భార్యాబిడ్డల వివరం ఉంటాయి. 1870లో విక్టోరియా మృతుల ఆస్తి మీద సుంకం తెచ్చింది. సుంకం లెక్కకట్టాలంటే పట్టీ కావాలి కదా! అందువల్ల అప్పటి నుంచి ఆస్తులు, అప్పుల జాబితాలు వివరంగా ఉంటాయి. మంచం, పార, పొయ్యి, ఆవు, దుకాణంలో బాకీ దాకా. లెక్కలు పౌండు, షిల్లింగు, పెన్నీలలో ఉంటాయి: 20 షిల్లింగులకు పౌండు, 12 పెన్నీలకు షిల్లింగు. మన పెద్దలు అణాలు పైసలు కూడినట్టే, కింది వరుస నుంచి ఎత్తుకుంటూ పోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది: 1874, 1875 చూసి లేదని వదిలేయకండి. భార్య అదే ఇంట్లో ఉంటూ పిల్లలను పెంచుకుంటే కోర్టుకు వెళ్లే అవసరమే రాదు. ఆ స్థలం అమ్మాల్సిన రోజు వస్తుంది. పత్రం పోయిన మనిషి పేరు మీదే ఉంటుంది. అప్పుడు ఎవరో ఒకరు, ఇరవై ముప్ఫై ఏళ్ల తరవాత, ఆయన పేరున దరఖాస్తు పెడతారు. 1874 నుంచి 1925 దాకా ఆయన పేరు వెతకండి.

భార్య పేరు మీద కూడా వెతకండి. భర్త బతికున్న ఆడవాళ్లకు అప్పట్లో సొంత ఆస్తి హక్కు ఇరుకుగా ఉండేది. విక్టోరియా 1870లో కొంత, 1884లో మరింత సడలించింది. అందుకే అంతకు ముందు పెళ్లయిన స్త్రీల వీలునామాలు అరుదు. విధవలు, పెళ్లికానివాళ్లు రాయగలిగేవారు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుని ఉంటే కొత్త ఇంటిపేరుతో చూడాలి. చిన్న పిల్లలతో, చదువు లేక, ఒంటరిగా మిగిలినవాళ్లు మారుమనువు చేసుకోవడం అక్కడ మామూలు.

చెప్పడానికి మనసొప్పడం లేదు కానీ, 1864 చట్టం తరవాత పోషణ లేని పిల్లలను ప్రభుత్వ సంరక్షణలోకి తీసుకునేవారు. ఆ పిల్లల రిజిస్టర్లు కూడా పబ్లిక్ రికార్డ్ ఆఫీసులోనే ఉన్నాయి. పిల్లల్లో ఎవరైనా హఠాత్తుగా కనబడకుండా పోతే అక్కడా చూడండి.

జవాబు (విజయవాడ నుంచి, విశ్రాంత ఉద్యోగి)

నిర్వహణ ఉత్తర్వు దొరికితే జామీను పత్రం వదలవద్దమ్మా. వీలునామా లేని ఆస్తిని అప్పగించేటప్పుడు దరఖాస్తుదారుడితో పాటు ఇద్దరు జామీనుదారులు బాండు రాసేవారు. జామీను ఎవరు ఉంటారు? మన ఊళ్లో ఎవరుంటారో అక్కడా వాళ్లే. అల్లుడు, మేనమామ, పక్కింటి నమ్మకస్తుడు. ఆ రెండు పేర్లు రాసిపెట్టుకోండి.

జవాబు (చిత్తూరు నుంచి)

ఈ సమస్యలో నేను చేయగల సాయం లేదు గానీ, ఒక్క మాట రాయకుండా ఉండలేకపోయాను. మా తాత కోలారు బంగారు గనుల్లో పనిచేశాడు. అక్కడ మేస్త్రీలకు పైనుండే దొరల్లో కార్న్‌వాల్ వాళ్లు చాలామంది అని చెప్పేవాడు. ఒకే ఊరి గని పనివాళ్లు అటు బల్లారట్‌కూ ఇటు కోలారుకూ వెళ్లారన్నమాట. మా తాతతో పాటు లోపలికి దిగి తిరిగిరానివాళ్ల పేర్లు ఏ కట్టలో ఉన్నాయో వెతకాలన్న ఆలోచన నాకు ఇవాళ మొదటిసారి వచ్చింది.

మళ్లీ ప్రశ్న (జిలాంగ్ నుంచి)

అన్నయ్యా, మీరు చెప్పినట్టే జరిగింది. 1874లో ఏమీ లేదు. 1901లో ఉంది! పెద్ద కూతురు దరఖాస్తు పెట్టింది. తల్లి ఆ ఏడాదే పోయిందట, మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆస్తి: చెక్క గోడల రెండు గదుల ఇల్లు, అది ఉన్న స్థలం, అంతా కలిపి 45 పౌండ్లు. బతికున్న పిల్లలు ఐదుగురు, కూతుళ్ల అత్తింటి పేర్లతో సహా. జామీనుదారుల్లో ఒకరు అదే మేనమామ! ఇరవై ఏడేళ్ల క్రితం శవాన్ని గుర్తుపట్టిన మనిషే.

మొన్న ఆదివారం అత్తగారికి ముందు పిల్లల పేర్లు చదివాను. విచారణ సంగతి ఆవిడ తనంతట తానే అడిగారు. భార్య చెప్పిన నాలుగు వాక్యాలూ చదివి వినిపించాను. ‘ఆయన ఆలస్యమైతే దీపం కిటికీలో పెడతాను, ఆ రాత్రీ పెట్టాను’ అన్నది చివరి వాక్యం. రెండోసారి చదవమన్నారు, చదివాను.

ఇంకొక సందేహం. ఐదుగురిలో ఇద్దరు అబ్బాయిలు ‘పశ్చిమ ఆస్ట్రేలియా, కాల్గూర్లీ, గని పని’ అని రాసి ఉంది. వాళ్లనూ ఈ సూచికలోనే వెతకాలా?

జవాబు (మెల్‌బోర్న్ నుంచి)

ఇందులో కాదు చెల్లెమ్మా. కాల్గూర్లీలో 1893లో బంగారం దొరికాక విక్టోరియా గని పనివాళ్లు మందలుగా అటు వెళ్లారు. అక్కడ పోయినవాళ్ల ప్రొబేట్ ఫైళ్లు పెర్త్‌లోని స్టేట్ రికార్డ్స్ ఆఫీసులో ఉంటాయి. అయితే విక్టోరియాలో స్థలమో బ్యాంకు సొమ్మో మిగిల్చి ఉంటే ఇక్కడ కూడా ఫైలు తెరిచి ఉంటారు, కాబట్టి మన సూచికలోనూ ఒకసారి చూడండి. ముందు ట్రోవ్‌లో ‘కాల్గూర్లీ మైనర్’ పత్రికలో ఆ ఇంటిపేరు వెతకండి, రెండు వర్ణక్రమాలతోనూ. తమ్ముడి సంవత్సరీకానికి అక్కలు బల్లారట్ నుంచి వేయించిన ప్రకటన ఒక్కటి దొరికినా తేదీ తెలిసిపోతుంది. దొరికితే ఇక్కడే రాయండి, పెర్త్ ఫైలు తెప్పించుకునే పద్ధతి నేను చెబుతాను.